చెరకు రసము - 'టర్బిడ్' అనే మాట

మంజీరా నదిపై 1923లో ప్రారంభమైన నిజాంసాగర్ నిర్మాణము 1931లో పూర్తి అయినది. దాని కాలువల నీటితో చందూర్, వర్ని, బోధన్ ప్రాంతముల వ్యవసాయపు తీరే మారిపోయినది. బోధన్ పరిసరములలో చెరకు సాగు విస్తరించినది. 1937లో అక్కడ నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది.

గానుగలో గాని, కర్మాగారపు మరలలో గాని చెరకును పిండినప్పుడు వచ్చే పచ్చి రసము తేటగా ఉండదు. మట్టి, పిప్పి నలుసులు, మైనము, జిగురు, మాంసకృత్తులు అందులో తేలియాడుతూ ఉంటవి. ఇట్టి ద్రవమును ఇంగ్లీషులో 'టర్బిడ్' అంటారు. చిన్న మాటే అయినను దీని అర్థము విషయమున విద్యార్థులు తరచు పొరపడుతుంటారు.

ఈ విశేషణము లాటిన్ భాషలోని 'టర్బా' అనే మాటనుండి పుట్టినది. టర్బా అనగా గుంపు, అలజడి. 'డిస్టర్బ్', 'టర్బ్యులెంట్' అనే మాటలకును మూలమిదే. కనుక టర్బిడ్ అనగా కలగిపోయినది అని అర్థము. తెలుగులో కలగుట, కలక, కలత అనే మాటలకు గల సంబంధమును గమనించండి. నీరు కలగినట్లే మనసు కలత చెందును. నీరు తేరినట్లే మనిషి తేరుకొనును. ఇంగ్లీషులోను కలతపడిన ఆలోచనలను టర్బిడ్ అనుట కలదు.

రంగు వేరు, కలక వేరు. పలుచని తేయాకు కషాయమునకు రంగున్నది, కాని కలక లేదు. దాని గుండా చూచిన అక్షరములు కనబడును. కలక నీటిలోని సూక్ష్మకణములు కాంతిని అన్ని వైపులకు చెదరగొట్టుటచేత ఆవలి వస్తువు స్పష్టముగా కనబడదు. అట్లే 'టర్జిడ్' అనే మాట కూడ వేరు. నీటితో ఉబ్బి బిగిసిన వృక్షకణమును టర్జిడ్ అంటారు. ఒక్క అక్షరము మారినచో జీవశాస్త్రపు జవాబు తప్పిపోవును.

చక్కెర తయారీలో ఈ భేదము చాల ముఖ్యము. పచ్చి రసమునకు సున్నపు పాలు కలిపి కాచెదరు. సున్నము రసములోని ఫాస్ఫేటుతో కూడి అవక్షేపమై, నలుసులను పట్టుకొని అడుగునకు దిగును. పైన మిగిలిన రసము పసుపు వన్నెగా ఉండవచ్చును, అయినను అది తేటయే. సున్నము తక్కువైనచో ఆమ్లగుణముగల రసము వేడికి చక్కెరను కోల్పోవును; ఎక్కువైనచో రసము నల్లబడును. రంగును, కలకను ఒకటిగా భావించువాడు ఈ రెండు దోషములను గుర్తింపలేడు.

తరగతిలో దీనిని సులభముగా చూపవచ్చును. సున్నపు తేటలోనికి గొట్టముతో ఊపిరి ఊదినచో అది తెల్లగా కలగును. అది టర్బిడ్ అయినది. త్రాగు నీటిలోని కలకను కొలుచుటకు నేడు 'ఎన్.టి.యు.' అనే ప్రమాణమున్నది. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము అది 1కి మించరాదు. వేరు ఆధారము లేనప్పుడు 5 వరకు అనుమతింపబడును. క్రిములు నలుసుల చాటున దాగి క్లోరిన్‌కు చిక్కకపోవుటయే ఈ జాగ్రత్తకు ముఖ్యకారణము.

బోధన్ కర్మాగారము 2015లో మూతపడినది. కాని కలకనుండి తేటను వేరుచేయు ఆ సూత్రమే నీటి శుద్ధి కేంద్రములలో పటిక ద్వారా నేటికిని పనిచేయుచున్నది. పూర్వము మన ఇండ్లలో కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీటిని తేర్చేవారు. ఆ గింజ పేరు పలికినంత మాత్రమున నీరు తేటపడదని మన పూర్వ గ్రంథమొకటి చెప్పినది. మాటల విషయమును అంతే: పేరు వల్లించుట చాలదు, అర్థము తేరవలెను.