మక్క రొట్టె ప్రయాణము

ఇందూరు సీమ యనగానే మనకు స్ఫురించునవి మూడు పంటలు: పసుపు, చెరకు, వరి. పసుపు నిజామాబాదు విపణికి పేరు తెచ్చినది. చెరకు బోధనును దేశమునకు పరిచయము చేసినది. వరి నిజాంసాగరు కాలువల వెంట నడచి వచ్చినది. ఈ మూడింటి నడుమ, చేని గట్టున నిలబడిన బీదచుట్టము వలె, ఎవరును అంతగా పలుకరింపని నాలుగవ పంట యొకటి కలదు. అది మక్క. రాజుల చరిత్ర శాసనములలో దొరకును. ధాన్యముల చరిత్రను మాత్రము పొయ్యిమీది పెంకును, ఇంటి ఇల్లాలి చేతిని చూచి చదువుకొనవలెను. అట్టి చరిత్రను కొంత శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగోద్దేశము.

ముందు పేరును గూర్చి చెప్పుకొందము. కోస్తా జిల్లాలవారు దీనిని మొక్కజొన్న యందురు. తెలంగాణమున మక్కజొన్న యనియు, కుదించి మక్కలనియు అందురు. బోధను బజారున ఉర్దూ మాటలాడువారికి ఇది మకై, మహారాష్ట్రులకు మకా. కన్నడిగులు దీనిని ముసుకిన జోళ మన్నారు, అనగా ముసుగు వేసికొన్న జొన్న. తమిళులకు ఇది మక్కాచోళము. ఈ పేర్లలో పెక్కింటి యందు జొన్న దాగియుండుట గమనింపదగినది. క్రొత్తగా వచ్చిన అతిథికి ఇంటివారు తమ పాతబంధువు పేరే పెట్టుకొనిరి. దక్షిణాపథమున జొన్న అతి ప్రాచీనమైన పంట. శ్రీనాథునికి ఆపాదింపబడిన పలనాటి చాటువులలో జొన్నకూటి ప్రసక్తి కలదు. ఆ కవి పదునైదవ శతాబ్దివాడు. మక్క మన దేశమునకు వచ్చినది ఆ తరువాతనే.

మక్క పుట్టినిల్లు మెక్సికో. దాదాపు తొమ్మిదివేల సంవత్సరములకు పూర్వము అచ్చటి ప్రజలు టియోసింటె యను గడ్డిజాతినుండి, గింజలను ఎన్నిక చేసికొనుచు, తరతరములుగా ఈ కంకిని తీర్చిదిద్దిరి. 1492లో కొలంబసు అట్లాంటికు సముద్రము దాటిన పిమ్మట ఇది ఐరోపా చేరెను. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసు ఓడల వెంట మన పడమటి తీరమునకు వచ్చెనని చరిత్రకారులలో పెక్కురి అభిప్రాయము. మిరపకాయ, పొగాకు, జామ, బొప్పాయి సైతము ఆ క్రొత్తలోకమునుండి వచ్చినవే. పదుమూడవ శతాబ్ది నాటి సోమనాథపుర దేవాలయ శిల్పముల చేతులలో మక్కకంకులున్నవని 1989లో ఇరువురు అమెరికను పండితులు వాదించిరి గాని, మన దేశపు మక్క శాస్త్రజ్ఞులు దానిని అంగీకరింపలేదు.

ఇందొక వింత కలదు. కొలంబసు తాను చేరిన నేల హిందూదేశమే యని భ్రమించుటచే, అచ్చటివారు ఇండియనులైరి, వారి ధాన్యపు పిండికి ఇంగ్లీషువారు ఇండియన్ పిండి యని పేరు పెట్టిరి. ఇటలీవారు అదే ధాన్యమును తురుష్కధాన్య మన్నారు. ప్రతి దేశమును దీనిని మరియొక దేశపు సొత్తుగా భావించినది. ఎవరును తనదని చెప్పుకొనని ఈ ధాన్యమే నేడు ప్రపంచమున అత్యధికముగా పండు ధాన్యము.

మక్కపిండితో రొట్టె చేయబూనిన వారికెల్ల ఒకే చిక్కు ఎదురైనది. గోధుమపిండిలో నీరు పోసి పిసికినచో జిగురు పుట్టి, సాగును, పొంగును. మక్కపిండిలో ఆ జిగురు లేదు. పిసికినకొలది విరియును. ఈ చిక్కును మూడు దేశములవారు మూడు విధముల విడదీసికొనిరి.

మెక్సికోవారు గింజలను సున్నపునీటిలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి, తడిగా రుబ్బి, పలుచని రొట్టెలు తట్టిరి. అమెరికాకు వలస పోయిన ఐరోపావారికి పొంగిన రొట్టె యందే రుచి. వారు మొదట కట్టెబూడిదనుండి తీసిన క్షారమును పిండిలో కలిపిరి. 1796లో అమీలియా సిమన్సు అను నామె ప్రకటించిన పాకశాస్త్ర గ్రంథమున ఆ క్షారము వాడుక కలదు. 1843లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను ఇంగ్లీషు రసాయనజ్ఞుడు బేకింగ్ పౌడరును కనిపెట్టెను. పులియబెట్టు పని లేకయే పిండి పొంగు ఉపాయము దొరకుటతో, మక్కపిండి, గోధుమపిండి, పాలు, గుడ్డు కలిపి చిన్న గిన్నెలలో కాల్చు మఫిన్ అను రొట్టె ఇంటింటి వంటకమైనది.

మన ఇందూరు ఇల్లాలు చేసినది ఈ రెండును గాదు. ఆమె నీటిని మరుగబెట్టి పిండిలో పోసినది. వేడినీటికి పిండిలోని గంజి ఉబ్బి, లేని జిగురునకు బదులు పట్టు నిచ్చును. పిండి చేతికి లొంగగానే అరచేత తట్టి, పెంకుమీద వేసి, పైతట్టు నీటితో తడిపి కాల్చును. జొన్నరొట్టెకు తరతరములుగా వాడిన విద్యనే ఆమె క్రొత్తధాన్యమునకు ప్రయోగించినది. రవ్వను ఉడికించి గటక చేసినది. లేతగింజలను రుబ్బి గారెలు వండినది. ముదురుగింజలను వేయించి పేలాలు చేసినది. సముద్రములు దాటి వచ్చిన ధాన్యమునకు మన వంటయింట అపరిచితత్వము కొంతకాలమైనను నిలువలేదు.

కాని ఒక ధాన్యము దేశాంతరము పోయినప్పుడు గింజ పోయినంత సులభముగా దాని వెనుక నున్న జ్ఞానము పోదు. మెక్సికోవారి సున్నపునీటి రహస్యము ఐరోపాకు అందలేదు. ఫలితము దారుణమైనది. 1735లో స్పెయిను వైద్యుడు గాస్పర్ కసాల్ ఒక వింతవ్యాధిని గుర్తించెను. ఎండ తగిలిన చర్మము నల్లబారి పగులును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. ఇటలీలో దానికి పెల్లాగ్రా యని పేరు. మక్కయే ఆహారముగా బ్రదుకు కూలిజనమునకే ఇది సోకుచుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణరాష్ట్రములలో వేలకొలది జనులు దీని వాతబడిరి.

ఇది అంటువ్యాధి యని పలువురు నమ్మిన కాలమున, జోసెఫ్ గోల్డ్‌బర్గరు అను వైద్యుడు అట్లు కాదని నిరూపించుటకు పూనుకొనెను. 1915లో మిసిసిపీ రాష్ట్రపు కారాగారక్షేత్రమున, విడుదల చేయుదుమన్న హామీపై ముందుకు వచ్చిన ఖైదీలకు మక్కయే ప్రధానమైన పేదతిండి పెట్టించెను. పదునొకండుగురిలో ఆరుగురికి వ్యాధి కనబడెను. అది అంటదని చూపుటకు 1916లో ఆయన రోగుల రక్తమును తన శరీరముననే ఎక్కించుకొనెను. కారణము అంటు గాదు, పేదరికము. పేదవాని కంచములో పాలు, మాంసము, పప్పు లేకపోవుట. 1937లో కాన్‌రాడ్ ఎల్వెజెం ఆ లోపించిన పదార్థము నియాసిన్ అను విటమినుకు సంబంధించినదని తేల్చెను. మక్కలో నియాసిన్ ఉన్నను దేహమునకు అందనిరీతిని బంధింపబడియుండును. సున్నపునీరు ఆ బంధమును విప్పును. మెక్సికో ముసలమ్మకు రసాయనశాస్త్రము తెలియదు. చేయవలసిన పని తెలియును.

ఈ కథకు మన హైదరాబాదుతోను సంబంధము కలదు. పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహారసంస్థ అయినది. మక్క తినని, జొన్నయే ముఖ్యాహారమైన మన పేదలలోను పెల్లాగ్రా కనబడుట అచ్చటి శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసినది. జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను మాంసకృత్తు భాగము ఇందుకు కారణము కావచ్చునని 1960లో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతియా ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత చర్చలు జరిగినవి. కాని వాదవివాదములకు అతీతమైన సత్యము ఒకటి మిగిలినది: ధాన్యము దోషి గాదు, ధాన్యము తప్ప వేరేమియు లేని కంచము దోషి. మక్కరొట్టె ప్రక్కన పప్పు, గటకలో చల్ల, పుంటికూర, అప్పుడప్పుడు గుడ్డు ఉన్నంతకాలము ఇందూరు రైతునకు భయము లేదు. చల్లకుండ యెండిన యింటనే ముప్పు.

ఇక మన సీమ చరిత్రకు వత్తము. మంజీరానదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసెను. దాని రూపకర్త ప్రఖ్యాత ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. రెండులక్షల డెబ్బదియైదువేల ఎకరములకు నీరందించుట దాని ఉద్దేశము. నీరు వచ్చిన వెంటనే నేల మారెను. కోస్తా జిల్లాలనుండి రైతులు తరలివచ్చి స్థిరపడిరి. నేటికిని కొన్ని ఊళ్ల పేర్ల చివర కనబడు క్యాంపు అను మాట వారి రాకకు గుర్తు. 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టును శక్కర్‌నగర్ ఏర్పడెను. ఒకప్పుడది ఆసియాలోనే పెద్ద చక్కెరమిల్లుగా పేరొందినది. కాలువక్రింది నేల చెరకునకును వరికిని పోగా, మక్కకు మిగిలినది మెట్ట. నీరున్నవాని కంచములో వరియన్నము, నీరు లేనివాని కంచములో గటక: ఇట్లు ఆహారమే హోదాకు గుర్తైనది.

1961లో మన దేశపు తొలి సంకరజాతి మక్కలు విడుదలయ్యెను. గంగ, రంజిత్ అను వానితోపాటు దక్కన్ అను పేరు గలది యొకటి. దిగుబడి పెరిగినది. అదే దశాబ్దమున అనావృష్టి బాధించినప్పుడు అమెరికానుండి మక్కపిండి సహాయముగా వచ్చెను. బడిపిల్లలు మధ్యాహ్నము పచ్చని ఉప్మాగా దానిని తినిరి. ఆ దేశమున మఫినుగా పొంగిన పిండియే మన బడిలో ఉప్మా అయినది. ఆకలిని తీర్చినను, ఉచితముగా వచ్చిన తిండి యన్న ముద్ర దానిపై పడినది. 1983లో రెండురూపాయల కిలోబియ్యము పథకము వచ్చుటతో పేదవాని కంచమునకు కూడ వరియన్నము వచ్చెను. అది చిన్న మేలు గాదు. తరతరముల కోరిక తీరినది. కాని అన్నము వచ్చిన తలుపుననే గటక వెడలిపోయినది.

నేటి స్థితి విచిత్రమైనది. మక్క సాగు పెరిగినది, తినుట తగ్గినది. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో పసుపుచేనిలో మక్క అంతరపంట. అది తొలుత పసుపునకు నీడనిచ్చి, ముందుగా కోతకు వచ్చి, పసుపు పంట చేతికి వచ్చులోగా రైతునకు ఖర్చులు గడుపును. పండిన గింజలో అధికభాగము కోళ్లదాణాకు పోవుచున్నది. మిగిలినదానిలో చాలభాగము గంజిపొడి మిల్లులకు, ఇటీవల ఇథనాలు తయారీకి పోవుచున్నది. 2023 డిసెంబరులో చెరకురసమునుండి ఇథనాలు తీయుటపై కేంద్రప్రభుత్వము ఆంక్షలు విధించిన తరువాత, ఆ పనికి మక్కయే ముఖ్యాధారమైనది. ఇటు బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. ఒకనాడు చెరకు గానుగ ముందు తలవంచిన ధాన్యము నేడు చెరకు చేయవలసిన పనికి పూనుకొన్నది. 2018లో అమెరికాఖండపు కత్తెరపురుగు సైతము మన మక్కచేలలో కనబడెను. ఐదువందల యేండ్లు ఆలస్యముగానైనను పుట్టింటి శత్రువు మెట్టినింటికి వచ్చినది.

అయినను మక్క మన నోటికి పూర్తిగా దూరము కాలేదు. అంకాపూరు దారిలో నిప్పులపై కాల్చిన మక్కబుట్టల వాసనకు బండి ఆపని ప్రయాణికుడు అరుదు. వానకాలపు సాయంత్రము మక్కగారెలు వండని యిల్లు ఈ సీమలో తక్కువ.

మఫిను వంటి రొట్టెను మన యింట చేయగోరువారికి విదేశీ సామగ్రి యేమియు అక్కరలేదు. ఒక గ్లాసు మక్కపిండిని గ్లాసు చిక్కని చల్లలో పావుగంట నానబెట్టవలెను. లేనిచో పిండి పలుకుగా నుండును. అందులో తురిమిన బెల్లము అరగ్లాసు, కరగిన నెయ్యి పావుగ్లాసు, గుడ్డు ఒకటి కలుపవలెను. వేరుగా గ్లాసు గోధుమపిండిలో రెండు చిన్నచెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు వంటసోడా, అరచెంచా ఉప్పు కలిపి, రెండింటిని జతచేయవలెను. ఎక్కువ కలియదిప్పరాదు. గోధుమజిగురు సాగి రొట్టె గట్టిపడును. నెయ్యి రాచిన చిన్నగిన్నెలలో సగమునకు పైగా పోసి, అడుగున ఇసుక పరచి ముందుగా వేడిచేసిన దళసరిపాత్రలో పీటపై నుంచి, మూతవేసి, సన్ననిసెగపై అరగంట కాల్చవలెను. పుల్ల గ్రుచ్చిన పిండి అంటకున్నచో అయినదన్నమాట. ఇందులోని చల్ల, గుడ్డు కేవలము రుచికొరకు గాదు. గోల్డ్‌బర్గరు వెదకిన లోపమును పూరించునవి అవే.

మెక్సికోవారి సున్నము, అమెరికావారి సోడా, మన వేడినీరు: మూడును ఒకే ధాన్యమును మచ్చిక చేసికొన్న మూడు విద్యలు. ఏ విద్యయు రాజాస్థానమున పుట్టలేదు. వానిలో పెక్కు పొయ్యిచెంత, పేరులేని స్త్రీల చేతులలో పుట్టినవి. మన సీమలో మక్కరొట్టె తట్టుట ఎరిగిన పెద్దలు నేటికిని ఉన్నారు. ఆ చేతిపట్టు ఏ గ్రంథమును చదివి రాదు. వారి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుటకు ఇది తగిన కాలము. పిండి మిల్లునుండి ఎప్పుడైనను తెచ్చుకొనవచ్చును. విద్య మాత్రము ఒక తరము మరచినచో మరల దొరకదు.