హామీ ఎవరిది, చెల్లింపు ఎవరిది?

ఆర్మూరు ప్రాంతమున పసుపు వేసిన రైతు దాదాపు తొమ్మిది నెలలు ఆగవలెను. దుంపను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టించి, కొమ్మును మండను వేరుచేసి నిజామాబాదు యార్డుకు తోలిన పిమ్మటగాని చేతికి సొమ్ము రాదు. ఈలోపల సంసారమంతయు అప్పుమీదనే నడచును. ఋణదాత చూచునది పైరు పచ్చదనమును కాదు, బాకీ ఏ రాబడినుండి తీరునన్న సంగతిని. ఈ మాట ఆర్మూరువారికి మేము చెప్పనక్కరలేదు.

ప్రభుత్వములు, పురపాలక సంఘములు ఋణపత్రములను అమ్మి ధనము సేకరించుటయు ఇట్టి వ్యవహారమే. ఒక్కటే భేదము. ఇక్కడ సంతకము చేయువాడొకడు, తీర్చువాడు మరియొకడు. ఆ తీర్చువాడు పన్ను కట్టు సామాన్యుడు. ఈ భేదము ఎంతటిదో హైదరాబాదు రాజ్యపు రైలుమార్గముల చరిత్ర చక్కగా తెలుపును.

వాడినుండి సికిందరాబాదుకు రైలు 1874లో వచ్చినది. దానిని బెజవాడవైపునకును, చాందావైపునకును పొడిగించుటకు లండనులో ఒక కంపెనీని నెలకొల్పదలచిరి. 1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగు మరణించెను. ఆ సంవత్సరమే ఒడంబడిక కుదిరినది. కంపెనీ పెట్టుబడిమీద ఇరువది సంవత్సరములు నూటికి 5 వంతున రాబడికి నిజాం ప్రభుత్వము హామీ ఇచ్చినది. కంపెనీ పేరులోనే “గ్యారంటీడు” అను మాట చేరినది. శ్రోతలు ఒక్కసారి లెక్క వేయుదురుగాక. రైలు దమ్మిడీ సంపాదించకపోయినను, నూరు పౌండ్లు పెట్టినవానికి ఇరువది ఏండ్లలో మరి నూరు పౌండ్లు ముట్టును. అసలు అట్లే నిలిచియుండును. నష్టభయము లేని మదుపరి, పని పొదుపుగా సాగుచున్నదా అని ఎందుకు విచారించును?

విచారించినవారు హైదరాబాదులోనే ఉండిరి. కళాశాలాధ్యక్షుడు, సరోజినీనాయుడు తండ్రియునగు అఘోరనాథ చటోపాధ్యాయుడును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును, వారి మిత్రులును ఈ పథకపు షరతులను ప్రజలయెదుట పెట్టుమని కోరిరి. 1883 మేలో అఘోరనాథుని రాజ్యమునుండి వెడలగొట్టిరి. ఒక ఒడంబడికను చూపుమన్నందుకు ఇది పెద్ద శిక్షయే!

చూపకపోవుటవలన ఏమగునో అయిదేండ్లకే తేలినది. రైలు సంప్రదింపులు నడపిన అధికారి అబ్దుల్ హఖ్ 1886లో గనుల హక్కుల ఒప్పందమును కూడ నడపెను. గనుల కంపెనీ వాటాలలో అధికభాగము హక్కుదారులకే ఉచితముగా పోయినది. పది పౌండ్ల వాటాలను ప్రభుత్వము పన్నెండేసి పౌండ్లకు కొన్నది; అమ్మినది ఆ అధికారియేనని తరువాత బయటపడినది. 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘమొకటి దీనిని విచారించినది. అతని ఉద్యోగము పోయినది. ఖజానాకు కాపలా ఉండవలసినవాడే బేరమునకు ఇరుప్రక్కల కూర్చుండెనన్న మాట.

రైళ్లవలన మేలు కలుగలేదని మేమనము. 1889కి బెజవాడ మార్గము పూర్తియైనది. గోదావరీలోయ మార్గము నిజామాబాదు మీదుగా మన్మాడు చేరినది. 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వము కంపెనీనుండి రైళ్లను కొన్నది. కాని ఆ మార్గమునకు పాతిక కిలోమీటర్ల దూరములోనున్న ఆర్మూరు మాత్రము తన స్టేషనుకై పెద్దపల్లి మార్గము పూర్తియగు 2017 వరకు కనిపెట్టుకొనియుండినది.

మరుసటి యేడు, 2018 ఫిబ్రవరిలో, హైదరాబాదు మహానగర పాలక సంస్థ నూటికి 8.90 వడ్డీకి 200 కోట్ల రూపాయల ఋణపత్రములను అమ్మినది. ఏటా వడ్డీయే 17 కోట్ల 80 లక్షలు. ఆగస్టులో మరి 195 కోట్లు 9.38కి, 2019లో 100 కోట్లు 10.23కి తెచ్చినది. వంతెనలకును, రహదారులకును ఉద్దేశించిన సొమ్మిది. ఈసారి వడ్డీని నిర్ణయించినది రహస్యపు బేరము కాదు, బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజిలో జరిగిన బహిరంగపు వేలము. 2015నాటి సెబీ నిబంధనల ప్రకారము లెక్కలు ముందుగా ప్రకటించవలెను.

ఆర్మూరువంటి చిన్న పురపాలక సంఘము ఒంటరిగా ఈ బజారుకు పోజాలదు. తమిళనాడులో 2002–03లో 13 చిన్న పట్టణ సంస్థలు కూడి, నీటి సరఫరా, పారిశుద్ధ్యపు పనులకై 30 కోట్ల 41 లక్షలు ఉమ్మడిగా తెచ్చుకొనినవి. అది మెచ్చదగిన యుక్తి. అయితే ఒక సంస్థ తప్పినచో భారము తక్కినవానిపై పడునేమో యన్న జంకు ఉమ్మడి అప్పులో ఎప్పుడును ఉండును.

వడ్డీ బహిరంగమైనంతమాత్రమున పని బాగుపడదు. అప్పు పుట్టిన నాటినుండి వడ్డీ పెరుగును. కంట్రాక్టరు ఆలస్యమును అది లెక్కచేయదు. టెండరులో తక్కువ ధర వేసినవానికి పని దక్కును. ధరావతు సొమ్ము కార్యాలయమున నిలుచును. పిమ్మట ఇంజనీరు కొలతల పుస్తకములో వ్రాసిన పొడవు, వెడల్పు, మందముల ప్రకారమే బిల్లు చెల్లును. మా దృష్టిలో అసలు తాళపుచెవి ఆ పుస్తకమే. 2005నాటి సమాచార హక్కు చట్టము క్రింద పౌరుడు దానిని చూడగోరవచ్చును. పనిని స్వయముగా పరిశీలించుటకును, వాడిన సామగ్రినుండి నమూనా తీసికొనుటకును ఆ చట్టము హక్కునిచ్చినది.