మూడు చిల్లుల బ్లేడు

జపాన్ నుంచి ఫెదర్, టర్కీ నుంచి డెర్బీ, చాలాకాలం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తయారైన ఆస్ట్రా, మన వీధి చివరి కిరాణా కొట్లో దొరికే టోపాజ్, సూపర్‌మ్యాక్స్. సేఫ్టీ రేజరు కొత్తగా చేతపట్టినవాడికి ఈ పేర్లన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. ఫెదర్ పదును మొదట్లోనే వద్దంటాడు ఒకడు. డెర్బీ గడ్డాన్ని కోయదు, పీకుతుందంటాడు ఇంకొకడు. ఎవరి మాటా నమ్మలేక కుర్రాడు నాలుగైదు రకాలు కొని తన చెంపల మీదే పరీక్ష మొదలుపెడతాడు. ఆ హడావుడిలో అతనికి తట్టని వింత ఒకటుంది. ఎక్కడెక్కడో పుట్టిన ఈ బ్లేడ్లన్నీ ఒకే రేజరులో అతికినట్టు కూర్చుంటాయి. జర్మనీ మెర్కూర్ రేజరులో మన దేశపు బ్లేడు పడుతుంది, తాతగారి పాత రేజరులో నిన్న కొన్న బ్లేడు పడుతుంది. కార్ట్రిడ్జి రేజరు వాడేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

దీని వెనక ఎవరి ఔదార్యమూ లేదు. తమ రేజరులో ఇతరుల బ్లేడు పట్టకుండా తలుపు మూయాలని కంపెనీలు పదేపదే చూశాయి. ఆ తలుపు పూర్తిగా మూతపడలేదు, అంతే.

కత్తికి రక్షణ పట్టీ పెట్టాలన్న ఆలోచన పాతదే. 18వ శతాబ్దంలోనే పారిస్‌లో కత్తులు చేసే జాన్-జాక్ పెరె రేజరుకు చెక్క తొడుగు వేశాడు. 1880లో న్యూయార్క్‌లో కాంఫే సోదరులు స్టార్ రేజరుకు పేటెంట్ తీసుకున్నారు. కానీ అందులోని బ్లేడు పొట్టిగా, మందంగా ఉండేది. దాన్ని తోలుపట్టీ మీద రుద్దాలి, అప్పుడప్పుడూ సానపట్టించాలి. అంటే మెడ తెగే భయం తగ్గింది గానీ చాకిరీ తగ్గలేదు.

కింగ్ క్యాంప్ జిల్లెట్ అమెరికాలో సీసా మూతల కంపెనీకి ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి. సోడా సీసాల రేకు మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ ఆ కంపెనీ యజమాని. జనం ఒకసారి వాడి పారేసి, మళ్లీ కొనుక్కునే వస్తువేదైనా ఆలోచించమని జిల్లెట్‌కు సలహా ఇచ్చింది ఆయనే. 1895లో బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో గడ్డం గీసుకుంటుండగా జిల్లెట్‌కు పల్చటి ఉక్కు రేకు ఆలోచన వచ్చింది: రెండంచులా పదును, మొద్దుబారితే అవతల పారేయడం. చెప్పినంత తేలిక కాదది. అంత పల్చటి రేకును కాల్చి గట్టిపరిస్తే వంకర్లు పోయేది. అది అయ్యే పని కాదని ఎంఐటీలోని లోహ నిపుణులు తేల్చేశారు. అదే ఎంఐటీలో చదివిన విలియం నికర్సన్ చివరికి చేసి చూపించాడు. 1901లో కంపెనీ పుట్టింది. 1903లో మొత్తం అమ్మకాలు 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. 1904 నవంబరులో పేటెంట్ చేతికొచ్చింది.

ఈ మనిషి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోవడం కష్టం. 1894లో ఆయన ‘ది హ్యూమన్ డ్రిఫ్ట్’ అనే పుస్తకం రాశాడు. పోటీయే సకల అనర్థాలకూ మూలమని, పరిశ్రమలన్నీ ప్రజలదైన ఒకే ఒక్క కంపెనీ కిందికి రావాలని, నయాగరా దగ్గర బ్రహ్మాండమైన నగరం కట్టి జనమంతా అందులో ఉండాలని అందులో వాదన. అలాంటివాడు నేటి బిజినెస్ పాఠాల్లో వ్యాపార తంత్రాలకు ఆదిగురువైపోయాడు.

ఆ పాఠం కూడా సగం కట్టుకథే. రేజరు కారుచౌకగా ఇచ్చి, బ్లేడ్ల మీద లాభం గుంజడం జిల్లెట్ కనిపెట్టిన ఎత్తని అందరూ చెబుతారు. షికాగో విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు రాండల్ పికర్ పాత ధరలు తిరగేసి చూస్తే కథ తిరగబడింది. పేటెంట్ ఉన్నన్నాళ్లూ రేజరు ధర 5 డాలర్లు. అప్పటి కార్మికుడి వారం కూలిలో సుమారు మూడో వంతు! 1921లో పేటెంట్ గడువు తీరుతుండగానే పాత నమూనా రేజరును డాలరుకు దించారు. అంటే పేటెంట్ కాపలా ఉన్న రోజుల్లో రేజరునే ఖరీదుగా అమ్మారు. బ్లేడు ఎవరైనా చేసుకోవచ్చన్న దశ వచ్చాక రేజరును చౌక చేశారు. మూడు గుండ్రటి చిల్లుల బ్లేడు అప్పటికి అందరి సొత్తయింది. ఊరూ పేరూ లేని కంపెనీలు కూడా బ్లేడ్లు కొట్టడం మొదలుపెట్టాయి.

1930లో జిల్లెట్ కంపెనీ బ్లేడు చిల్లుల ఆకారం మార్చి, కొత్త రేజరుతో మళ్లీ గిరి గీయబోయింది. అక్కడ హెన్రీ గైస్‌మన్ కాచుకుని ఉన్నాడు. ఆటోస్ట్రాప్ కంపెనీ యజమాని. ఆయన ప్రోబాక్ బ్లేడు జిల్లెట్ రేజరులో పట్టేది, జిల్లెట్ బ్లేడు మాత్రం ఆయన రేజరులో పట్టేది కాదు. కొత్త బ్లేడు తన పేటెంట్‌ను కాపీ కొట్టిందని దావా వేశాడు. రెండు కంపెనీల విలీనం మాటలు నడుస్తుండగా జిల్లెట్ లెక్కల్లో లాభాలు ఏళ్ల తరబడి పెంచి చూపిన సంగతి బయటపడింది. పెత్తనం గైస్‌మన్ చేతికి పోయింది. మధ్యలో పొడవాటి గాడి ఉన్న నేటి బ్లేడు ఆకారం ఆ రోజుల రగడ మిగిల్చిందే. చిత్రమేమిటంటే పాత మూడు కడ్డీల రేజర్లలో కూడా అది చక్కగా పడుతుంది.

తర్వాతి దెబ్బ ఇంగ్లండు నుంచి వచ్చింది. అంతవరకూ బ్లేడంటే కార్బన్ ఉక్కు. తడి ఆరకపోతే తుప్పు పట్టేది. కత్తులకూ తోటపని సామగ్రికీ పేరున్న విల్కిన్సన్ స్వోర్డ్ 1962లో స్టెయిన్‌లెస్ బ్లేడును బజారులోకి దించింది. అంచు మీద టెఫ్లాన్ జాతి పూత. కొన్నవాళ్లు మళ్లీ పాత బ్లేడు ముట్టలేదు, కొట్లలో సరుకు చాలలేదు. జిల్లెట్ తేరుకుని స్టెయిన్‌లెస్ తేవడానికి 1963 దాకా పట్టింది. అయితే ఆ పూత మీద పేటెంట్ జిల్లెట్ దగ్గరే ఉండడంతో విల్కిన్సన్ ఆ కంపెనీకే రాయల్టీ కట్టాల్సి వచ్చింది. 1971లో రెండు బ్లేడ్ల ట్రాక్-2 కార్ట్రిడ్జి దిగింది. గిరి ఈసారి గట్టిగానే పడింది. ఏ కంపెనీ పిడికి ఆ కంపెనీ తలే.

మన దగ్గర కథ వేరే దారి పట్టింది. మల్హోత్రా కుటుంబ సంస్థల టోపాజ్, పనామా, లేజర్ వంటి పేర్లు దశాబ్దాల పాటు భారతీయుల గడ్డాలను ఏలాయి. జిల్లెట్‌కు 1984లో గానీ ఇక్కడ తలుపు తెరుచుకోలేదు. అదీ ఇండియన్ షేవింగ్ ప్రాడక్ట్స్ అనే ఉమ్మడి సంస్థగా, రాజస్థాన్‌లోని భివాడీలో ఫ్యాక్టరీ పెట్టి, 7 ఓ క్లాక్ పేరుతో.

మంగలి షాపులు ఈ బ్లేడుకు రెండో జీవితం ఇచ్చాయి. పూర్వం పొదిలో మడతకత్తి, సానరాయి, తోలుపట్టీ ఉండేవి. ఎయిడ్స్ భయం ఊళ్లకు పాకిన 1990లలో ‘కొత్త బ్లేడు వెయ్యి’ అనడం కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ అలవాటైంది. బ్లేడును కాగితంతో సహా నిలువునా విరిచి, సగాన్ని కత్తి పిడిలో దూర్చడం అప్పట్నుంచీ షాపుల్లో చూస్తున్నదే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చే భక్తుడికి టోకెన్‌తో పాటు బ్లేడూ చేతికిస్తారు. ఇళ్లల్లో రేజరు మూలపడ్డా ఫ్యాక్టరీలు మూతపడకపోవడానికి క్షురకుల కొనుగోళ్లు పెద్ద కారణం.

కార్ట్రిడ్జి మన పెరట్లో ఎందుకు తడబడిందో చెప్పే ఉదంతం ఒకటుంది. భారతీయుల కోసం చేసిన వెక్టర్ రేజరును జిల్లెట్ ముందుగా అమెరికాలోనే, ఎంఐటీలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల మీద పరీక్షించింది. వాళ్లకు నచ్చింది. తీరా 2002లో ఇక్కడికి తెస్తే వెంట్రుకలు ఇరుక్కుని కదలవు. అక్కడి కుర్రాళ్ల ఎదుట ధారగా పారే కొళాయి ఉంది. ఇక్కడ చాలామంది ముందున్నది మగ్గులో నీళ్లు. ఆ పాఠం నేర్చుకుని 2010లో 15 రూపాయలకు గార్డ్ తెచ్చారు, ఒంటి బ్లేడుతో. మగ్గులో రెండుసార్లు ఆడిస్తే శుభ్రమయ్యే గుణం పాత రేజరుకు మొదట్నుంచీ ఉంది.

ఇక ఒకే బ్లేడు మీద ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఎందుకు? ఉక్కు చాలావరకు ఒక్క తీరుదే, సుమారు 13 శాతం క్రోమియం ఉన్నది. సానపెట్టిన కోణం, పైన వేసే క్రోమియం, ప్లాటినం, టెఫ్లాన్ పూతలు మారుతాయి. రేజరు అంచును ఎంత బయటకు చూపుతుందన్నదీ మారుతుంది. 2020లో ఎంఐటీ పరిశోధకులే ‘సైన్స్’ పత్రికలో ఇంకో సంగతి చెప్పారు. వెంట్రుక ఉక్కుకన్నా 50 రెట్లు మెత్తన. అయినా అది బ్లేడు అంచులో చెక్కలు లేపగలదు. వెంట్రుక ఒరిగి, అంచుకు ఏటవాలుగా తగిలి, ఉక్కు నిర్మాణం ఒక్కతీరుగా లేని చోట పడినప్పుడు ఆ దెబ్బ తగులుతుంది. గడ్డం మొలిచే దిశ, మందం మనిషికో రకం కాబట్టి ఒకడికి మూడోసారికే మొద్దుబారిన బ్లేడు ఇంకొకడికి వారం ఆడుతుంది.

అందుకే అనుభవజ్ఞులు కొత్తవాడికి రేజరు, సబ్బు, బ్రష్షు మార్చవద్దనీ, నెల రోజులు ఒకే బ్లేడుతో చెయ్యి కుదిరాకే రెండోది విప్పమనీ చెబుతారు. పిడి నొక్కకుండా, సుమారు 30 డిగ్రీల వాలు నిలబెట్టడం రాకముందు గాట్లు పడితే ఆ తప్పు బ్లేడుది కాకపోవచ్చు. ఖర్చు భయం అంతగా అక్కర్లేదు. కొన్ని బ్రాండ్ల కార్ట్రిడ్జి తల ఒక్కటే వంద రూపాయలు దాటుతుంటే, ఈ బ్లేడు మన కొట్లలో కొద్ది రూపాయలకే వస్తోంది.