రాయితీ, జాబితా: షోలాపూర్ సాలెవాడల నుంచి ఒక పరిశీలన

తెలుగులో ‘రైతు’, ‘రాయితీ’ రెండూ అరబ్బీ మూలం నుంచి పారసీ, హిందుస్తానీల ద్వారా వచ్చిన మాటలు. రెండింటి ధాతువు ఒకటే. మేపడం, కాపాడడం దాని అర్థం. కాపుదలలో ఉన్న ప్రజ ‘రయ్యత్’; కాపాడేవాడు చూపే దయ ‘రియాయత్’. సర్కారు సొమ్మును దయగా భావించే అలవాటు ఈ మాటల్లోనే ఉంది. దయకు లెక్క అడగరు, ప్రజాధనానికి అడగాలి. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి పొలాలతో పాటు మగ్గాల చరిత్ర కూడా ఉపకరిస్తుంది.

తెలంగాణ ప్రాంతం నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు పందొమ్మిదో శతాబ్దంలోనే షోలాపూర్‌లో స్థిరపడ్డారు. 1877లో అక్కడ నూలు మిల్లు వెలిసింది. సాఖర్ పేట, భద్రావతి పేట వంటి పేటల్లో ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. కాలక్రమాన చేమగ్గాల స్థానంలో పవర్‌లూమ్‌లు వచ్చాయి. దుప్పట్లకు, టవళ్లకు ఆ ఊరు పేరు పొందింది.

మగ్గాలకు ప్రభుత్వ సాయం చాలాకాలం మనిషి పేరున రాలేదు. 1976లో కేంద్రం ప్రవేశపెట్టిన జనతా వస్త్ర పథకంలో సబ్సిడీని నేసిన బట్ట కొలతనుబట్టి కట్టేవారు. ఆ సొమ్ము కార్పొరేషన్లకు, సహకార సంఘాలకు చేరేది. నేతగాడికి దక్కింది కూలి మాత్రమే. పవర్‌లూమ్‌లకు కరెంటు రాయితీ మీటరునుబట్టి వచ్చింది. 1999 ఏప్రిల్‌లో మొదలైన సాంకేతిక ఆధునికీకరణ నిధి పథకంలో వడ్డీ రాయితీ అప్పు తీసుకున్నవారికి వచ్చింది. పరాయి మగ్గం మీద కూలికి నేసేవాడి పేరున మీటరూ లేదు, అప్పూ లేదు. వ్యవసాయంలో కరెంటు, ఎరువుల రాయితీలదీ ఇదే తీరు: ధరలో కలిసిపోయే రాయితీకి జాబితా ఉండదు.

జాబితాను బయటపెట్టమన్న ఉద్యమం 1994లో రాజస్థాన్ పల్లెల్లో బలపడింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ బహిరంగ సభల్లో పనుల లెక్కలు, కూలీల పేర్లు పైకి చదివించింది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, సబ్సిడీ పథకాల కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలన్నది. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగాయి.

2018లో తెలంగాణ రైతుబంధు, 2019లో కేంద్రం పి.ఎం. కిసాన్ సొమ్మును నేరుగా రైతుల ఖాతాల్లో వేశాయి. ఇక్కడ పేర్లున్నాయి. కానీ రెండింటికీ ఆధారం భూమి పట్టా కాబట్టి కౌలుదారు జాబితాకెక్కలేదు. షోలాపూర్ నేతకూలీ, తెలంగాణ కౌలుదారు ఒకే వరసలో నిలబడ్డారు.

పేర్లు ప్రకటించడానికీ అభ్యంతరాలున్నాయి. వ్యవసాయ సబ్సిడీలు పొందిన వ్యక్తుల పేర్లన్నిటినీ విచక్షణ లేకుండా ప్రకటించడం గోప్యతకు భంగమని 2010లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. అయితే ఎవరికి అందిందో తెలియనిచోట ఎవరికి అందలేదని వాదించడం కష్టం. ఆ వాదన పేదవాడికే ఎక్కువ అవసరం.

అదే నాలుగో సెక్షన్ మరో మాట కూడా అన్నది: సమాచారం అందించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని. షోలాపూర్ సాలెవాడల్లో స్థానిక భాష ఏది? మరాఠీ అనే జవాబు చట్టరీత్యా సరిపోవచ్చు. కానీ తన పేరు లేదని గుర్తించవలసిన మనిషి ఇంట్లో మాట్లాడేది తెలుగు. రాష్ట్రం వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులు పరిశీలించదగిన ప్రశ్న ఇది.