సురక్షిత క్లయింట్ ప్రోగ్రాం: గుర్తింపు తనిఖీ చరిత్ర

సురక్షిత అనుసంధానం కోసం చిన్న క్లయింట్ ప్రోగ్రాం రాయడం ఇప్పుడు పది పదిహేను పంక్తుల పని. సర్వర్‌తో టీసీపీ కనెక్షన్ ఏర్పరచి, దానిపై టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ జరిపి, తర్వాత డేటా పంపుతాం, అందుకుంటాం. అయితే అవతల ఉన్నది మనం అనుకున్న సర్వరేనా అని తేల్చే భాగం మాత్రం ఇంత సులువుగా కుదరలేదు.

నెట్‌స్కేప్ సంస్థ ఎస్ఎస్ఎల్ 2.0ను 1995లో, 3.0ను 1996లో తెచ్చింది. 1999లో అది టీఎల్ఎస్ 1.0 పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది. పరీక్షలో టీఎల్ఎస్ గురించి అడిగితే చాలామంది ఎన్‌క్రిప్షన్ గురించి రాసి ఊరుకుంటారు. అది సగం జవాబే. ఉత్తరానికి ఎంత గట్టి ముద్ర వేసినా, దాన్ని దొంగ చేతికే ఇస్తే ప్రయోజనమేమిటి? అందుకే సర్వర్ తన ధ్రువపత్రాన్ని చూపాలి. దానిపై క్లయింట్ ముఖ్యంగా రెండు తనిఖీలు చేయాలి: నమ్మదగిన ధ్రువీకరణ సంస్థ సంతకం ఉందా, పత్రంలోని పేరు మనం కోరిన సర్వర్ పేరేనా. రెండోది వదిలేస్తే, తన సొంత డొమైన్‌కు సక్రమంగా పత్రం పొందిన మోసగాడు కూడా మధ్యలో దూరి మన సర్వర్‌గా చెలామణీ కావచ్చు.

ఆ రోజుల్లో అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల బయటి దేశాలకు 40 బిట్ల బలహీనమైన కీలే అందేవి. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ స్వతంత్రంగా రాసిన ఎస్ఎస్ఎల్-ఈ లైబ్రరీ ఆ లోటు తీర్చింది. 1998 చివర దాని నుంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ పుట్టింది. మేలు చాలానే జరిగింది. కానీ ఈ లైబ్రరీలో ప్రోగ్రామర్ ప్రత్యేకంగా అడగకపోతే, తనిఖీ విఫలమైనా క్లయింట్ హ్యాండ్‌షేక్ ముందుకే సాగేది. పేరు పోల్చే పని 2015లో 1.0.2 వెర్షన్ వచ్చేదాకా పూర్తిగా ప్రోగ్రామర్‌దే.

ఫలితం 2012లో బయటపడింది. టెక్సస్ (ఆస్టిన్), స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు బ్రౌజర్లు కాని ప్రోగ్రాములను పరీక్షించి, అమెజాన్, పేపాల్ చెల్లింపు లైబ్రరీల్లో సైతం ఈ తనిఖీ దెబ్బతిని ఉందని చూపారు. కర్ల్ లైబ్రరీ ఉదంతం విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. పేరు తనిఖీ చేసే ఎంపికకు అప్పట్లో అందులో విలువ 2 ఉండాల్సి వచ్చేది. ఏమీ మార్చకపోతే 2గానే ఉంటుంది. జాగ్రత్తపరుడైన పీహెచ్‌పీ ప్రోగ్రామర్ అక్కడ "నిజం" అని రాసేవాడు. అది 1గా మారేది. 1 అంటే పత్రంలో ఏదో ఒక పేరుంటే చాలని అర్థం! ముట్టుకోనివాడు క్షేమం, శ్రద్ధ తీసుకున్నవాడికే ముప్పు. ప్రోగ్రామర్‌ను నిందించడం తేలిక; నా దృష్టిలో దోషం ఆ ఎంపికను అలా రూపొందించడంలోనే ఉంది. అదే ఏడాది నవంబరులో కర్ల్ ఆ 1ని ఒప్పుకోవడం మానేసింది.

2014 డిసెంబరులో విడుదలైన పైథాన్ 2.7.9 నుంచి హెచ్‌టీటీపీఎస్ క్లయింట్‌కు రెండు తనిఖీలూ వాటంతటవే జరగసాగాయి. అప్పటిదాకా పనిచేసిన కొన్ని ప్రోగ్రాములు ఒక్కసారిగా దోష సందేశాలతో ఆగిపోయాయి. తనిఖీని ఆపేసే చిట్కాలు వెంటనే చేతులు మారాయి, నేటికీ మారుతున్నాయి.

మీ ప్రయోగంలో సొంతంగా సంతకం చేసుకున్న ధ్రువపత్రంతో సర్వర్ నడిపితే ఇదే దోష సందేశం వస్తుంది. అప్పుడు తనిఖీని ఆపవద్దు. ఆ పత్రాన్ని క్లయింట్ నమ్మే పత్రాల జాబితాలో చేర్చి, అందులోని పేరుతోనే సర్వర్‌కు కనెక్ట్ కండి.