కంచె లోపలి మహా

శుక్రవారం తీరిక దొరికితే దోహాలోని మన తెలుగు కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకుని షహానియా వైపు బయలుదేరడం మామూలే. ఒంటె పందాల మైదానం చూస్తాం. వీలు చిక్కితే కంచె అవతలి తెల్లని ఒరిక్స్‌లను కూడా చూసి వస్తాం. ఖతార్ జాతీయ జంతువు ఇదే. ఖతార్ విమానాల తోక మీద కొమ్ముల బొమ్మ దీనిదే. 2006 ఆసియా క్రీడల చిహ్నం 'ఓరీ' కూడా ఇదే. అయితే ఇది కంచెలోకి ఎందుకు వచ్చిందో మనలో చాలామందిమి ఆలోచించలేదు.

అరబ్బులు దీనిని 'మహా' అంటారు. ఆడపిల్లలకూ ఆ పేరు పెట్టుకుంటారు. మనం హరిణాక్షి అన్నట్టే, వారికీ అందమైన కళ్లంటే ఈ జంతువే గుర్తు. మొక్కల్లోని తేమతోనే వారాల తరబడి బతకగల ప్రాణి ఇది. ఒంటెల మీద వేటాడిన రోజుల్లో దీనికి తప్పించుకునే వీలుండేది. చమురు డబ్బుతో మోటారు వాహనాలు, దూరం కొట్టే తుపాకులు వచ్చాక ఆ వీలు పోయింది.

1962లో గ్రిమ్‌వుడ్ అనే అధికారి బృందం ఏడెన్ ఎడారిలో ఎంత గాలించినా ప్రాణాలతో తేగలిగింది మూడింటినే. లండన్ జంతుశాల, కువైట్, సౌదీ పాలకులు ఇచ్చిన వాటిని కలిపి అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలలో తొమ్మిదింటితో మంద కట్టారు. 1972లో ఒమన్‌లో చివరి అడవి మహా కూడా వేటగాళ్ల పాలయింది. ఇక మిగిలినవి జంతుశాలల్లోనూ, ఖతార్ వంటి దేశాల పాలక కుటుంబాల సొంత మందల్లోనూ ఉన్నవే.

1982లో ఒమన్ వాటిని మళ్లీ ఎడారిలోకి వదిలింది. 1996 నాటికి 450 అయ్యాయి. అప్పుడు కొత్త ఆపద వచ్చింది. సొంత తోటల్లో పెంచుకునేవారికి అమ్మడానికి దొంగలు వాటిని ప్రాణాలతోనే పట్టుకుపోయారు. 2007కు 65 మిగిలాయి. అభయారణ్యాన్ని పదోవంతుకు కుదించడంతో, యునెస్కో ఆ ఏడే దానిని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. అలా తొలగిపోయిన మొదటి స్థలం అదే. ఇతర దేశాల్లో కూడా వదిలిన మందలు నిలదొక్కుకోవడంతో 2011లో ఈ జాతి స్థితి కొంత మెరుగుపడినట్టు ప్రకటించారు.

జపానులో నగానో కొండల నడుమ జిగొకుదానిలో 1964లో కోతుల వనం తెరిచారు. రైతులు పంటల మీద నుంచి తరిమే కోతులే అక్కడ యాత్రికులకు వేడుకయ్యాయి. అయితే వాటిని అక్కడికి రప్పించేది మనుషులు వేసే మేత. ఇక్కడ కంచె, అక్కడ మేత.

మహాను బతికించింది కంచే. ఒమన్‌లో దానిని మళ్లీ కొల్లగొట్టింది కంచెలో పెట్టుకోవాలన్న ఆశే. రెండూ నిజమే. మన ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మహా కథ కూడా చెప్పాలని సభ్యులకు మా మనవి. వచ్చే శుక్రవారం కంచె దగ్గర ఫొటో తీసుకునే ముందు చెబితే మరీ మంచిది.