బ్లాక్ మౌంటెన్ కాలేజీ

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఆష్‌విల్ నగరానికి చేరువలో 1933లో మొదలై 1957లో మూతపడిన కళాశాల. ఫ్లోరిడాలోని రోలిన్స్ కాలేజీ కొలువు నుంచి తొలగించిన జాన్ ఆండ్రూ రైస్, తనతోపాటు బయటికి వచ్చిన సహోద్యోగులతో కలిసి దీన్ని స్థాపించాడు. పైనుంచి పెత్తనం చేసే ధర్మకర్తల మండలి లేదు; కాలేజీ అధ్యాపకులదే. విద్యార్థులు చదువుతోపాటు పొలం పనీ చేసేవారు. 1941లో ఈడెన్ సరస్సు ఒడ్డుకు మారినప్పుడు చదువుల భవనాన్ని గురుశిష్యులే చెమటోడ్చి కట్టుకున్నారు.

నాజీల ఒత్తిడికి జర్మనీలో బౌహౌస్ కళా పాఠశాల మూతపడడంతో చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్, నేత కళాకారిణి ఆనీ ఆల్బర్స్ దంపతులు ఇక్కడికి వచ్చి కళను చదువుకు కేంద్రంగా నిలిపారు. 1948 వేసవిలో వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ కిటికీ తెరలకు వాడే పట్టీలతో పెద్ద గుమ్మటం లేపబోతే అది లేవనే లేదు. మరుసటి వేసవిలో వేరే సామగ్రితో నిలబెట్టాడు. తప్పిన ప్రయోగానికీ ఇంత చోటిచ్చిన కళాశాలలు అరుదు. కళాకారులు రూత్ అసావా, రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఇక్కడి విద్యార్థులే. అంతకన్నా గొప్ప సంగతి, అమెరికా దక్షిణాదిలో జాతి వివక్ష చట్టాలు అమల్లో ఉండగానే 1944 వేసవిలో నల్లజాతి విద్యార్థిని ఆల్మా స్టోన్‌ను చేర్చుకోవడం.

అధికారిక గుర్తింపు లేదు, డబ్బుకు ఎప్పుడూ కటకటే. కవి చార్లెస్ ఓల్సన్ సారథ్యంలో చివరి ఏళ్లు భూములు అమ్ముకుంటూ గడిచాయి.